శీతకాలపు హిమాలయ యాత్ర: వాతావరణాన్ని ఎలా గమనించుకోవాలి, ప్రమాదాలను ఎలా తప్పించుకోవాలి

డిసెంబరు మొదలుకొని మార్చి వరకు మంచు చూడాలని మన ఊళ్ల నుంచి ఉత్తరాదికి బయలుదేరేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొందరు కుటుంబంతో మనాలీకో, గుల్‌మర్గ్‌కో, ఔలీకో వెళ్తారు. మరికొందరు స్నేహితులతో కలిసి కేదార్‌కంఠ, తుంగనాథ్ వంటి చోట్లకు ట్రెక్కింగ్‌కు వెళ్తారు. వీరిలో ఎక్కువమందికి అంతకుముందు తెలిసిన గట్టి చలి లంబసింగిదో, ఆదిలాబాద్ జిల్లాదో అయి ఉంటుంది. ఆ చలి తెల్లవారుజామున వణికించి, పొద్దెక్కేసరికి తగ్గిపోతుంది. హిమాలయాల్లో చలి ఒంటరిగా రాదు. ఎత్తు, గాలి, తడి, తొందరగా పడే చీకటి దానికి తోడవుతాయి. ఈ వ్యాసం తాళ్లు, గొడ్డళ్లు పట్టుకొని శిఖరాలెక్కే పర్వతారోహకుల కోసం రాసింది కాదు. అటువంటి శిక్షణ కావాలనుకునేవారు ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలీ, పహల్‌గామ్‌లలో ఉన్న పర్వతారోహణ సంస్థల్లో చేరడమే మేలు. గైడును వెంటబెట్టుకొని నాలుగైదు రోజులు మంచులో నడవాలనుకునేవారికి, పిల్లాపాపలతో మంచు చూసి రావాలనుకునేవారికి ఇది పనికివస్తుంది. ఉదాహరణగా ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉన్న కేదార్‌కంఠను తీసుకుంటున్నాను, ఎందుకంటే శీతకాలంలో తొలిసారి మంచులో నడిచేవారు తరచుగా ఎంచుకునే కొండ అదే.

మొదటి అడుగు: టికెట్లు తీసేముందే మిగులు రోజులు పెట్టుకోండి

శీతకాలపు కొండల్లో ప్రమాదాలేమిటని అడిగితే చాలామంది మంచుచరియలతో మొదలుపెడతారు. నా దృష్టిలో మొదట చెప్పవలసినది తిరుగు టికెట్టు గురించి. హైదరాబాదు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దిల్లీ, అక్కడి నుంచి దెహ్రాదూన్, మర్నాడు ఉదయం జీపులో సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించి సాయంత్రానికి సాంక్రీ అనే ఊరు, తరువాత నాలుగు రోజుల నడక, మళ్లీ అదే దారిన వెనక్కి. ఆఫీసులో దొరికిన సెలవుకు సరిగ్గా సరిపోయేలా ఈ లెక్క వేసుకున్నవారు శిఖరానికి బయలుదేరవలసిన రాత్రి మంచు కురిస్తే ఆగలేరు. ఆగితే రైలు పోతుంది, రైలు పోతే సెలవు చాలదు, కాబట్టి వద్దని తెలిసీ పైకి నడుస్తారు.

అందువల్ల కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచండి: ఒకటి కొండ కింది ఊళ్లో ఆగవలసి వస్తే వాడుకోవడానికి, మరొకటి తిరుగు ప్రయాణానికి ముందు. డిసెంబరు చివర, జనవరిలో ఉత్తర భారత మైదానాల్లో కమ్ముకునే పొగమంచు వల్ల దిల్లీ రైళ్లు, విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి కనుక ఆ రెండో రోజు వృథా అయ్యేది చాలా అరుదు. అంత సెలవు దొరకదంటే ఎత్తు తక్కువగా ఉండే చోటును ఎంచుకోండి. యాత్రను కుదించి శిఖరాన్ని మాత్రం అలాగే ఉంచుకోవడం అన్నింటికంటే చెడ్డ పద్ధతి.

ట్రెక్కింగ్ నిర్వాహకులకు డబ్బు కట్టేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ఎంతమందికి ఒక గైడు ఉంటాడు? ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు ఏ శిబిరం దాకా వస్తాయి? ఎటువంటి వాతావరణంలో వెనక్కి తిప్పుతారు, ఆ నిర్ణయం ఎవరిది? వీటికి స్పష్టమైన జవాబు రాకుండా, అంతా మేము చూసుకుంటామనే మాట ఒక్కటే వినిపిస్తే మరొకరి దగ్గరికి వెళ్లండి. శిఖరం చేరకపోయినా డబ్బు తిరిగి అడగనని మీకు మీరు ముందే అనుకోవడం కూడా అవసరమే, ఎందుకంటే గైడు వెనుదిరుగుదామన్నప్పుడు అతనితో వాదించేది తరచుగా డబ్బు కట్టిన యాత్రికులే.

రెండో అడుగు: పశ్చిమ అలజడుల రాకను గమనించండి

మనకు వాన అంటే రుతుపవనాలు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు. పశ్చిమ హిమాలయాల్లో శీతకాలపు మంచు వేరే దిక్కు నుంచి వస్తుంది. వాతావరణ శాఖ ప్రకటనల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వినిపించే ఈ పశ్చిమ అలజడులు మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా తూర్పుకు సాగి వస్తాయి. దారిలో సముద్రాల నుంచి, చివరికి అరేబియా సముద్రం నుంచి కూడా తేమను అందుకొని హిమాలయాలను తాకుతాయి; కొండలు అడ్డుపడటంతో గాలి పైకి లేచి, చల్లబడి, ఆ తేమ మంచుగా కురుస్తుంది. శీతకాలంలో నెలకు ఇటువంటివి నాలుగైదు వస్తుంటాయి. అన్నీ బలమైనవి కావు. కొన్ని మబ్బులతోనే సరిపెడతాయి, కొన్ని రెండు మూడు రోజులు ఆగకుండా కురుస్తాయి.

ఇవి చాలా దూరం నుంచి ప్రయాణించి వస్తాయి కాబట్టి రాబోయే నాలుగైదు రోజుల అంచనా సాధారణంగా నమ్మదగినదిగానే ఉంటుంది. బయలుదేరడానికి వారం ముందు నుంచి భారత వాతావరణ శాఖ వెబ్‌సైటును గానీ, ఆ శాఖవారి మౌసమ్ యాప్‌ను గానీ రోజూ చూడండి. ఉత్తరాఖండ్‌కు దెహ్రాదూన్ కేంద్రం, హిమాచల్‌కు సిమ్లా కేంద్రం, కశ్మీర్‌కు శ్రీనగర్ కేంద్రం జిల్లాల వారీగా ప్రకటనలిస్తాయి. వాటిలో ఎన్ని మీటర్లకు పైన మంచు కురుస్తుందో కూడా తరచుగా చెబుతారు. మీ శిబిరం ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే ఆ ఒక్క వాక్యంతోనే మీకు కావలసినది తెలిసిపోతుంది. పసుపు రంగు హెచ్చరిక ఉంటే గమనిస్తూ ఉండాలని, నారింజ రంగుకు ప్రణాళిక మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలని, ఎరుపు రంగుకు బయలుదేరవద్దని మీరు అర్థం చేసుకోండి.

ఫోనులో మామూలుగా కనిపించే ఉష్ణోగ్రత కింది ఊరిది, శిఖరానిది కాదు. పైన ఎంత చలి ఉంటుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. సాంక్రీ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో, కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. సాంక్రీలో తెల్లవారుజామున 2 డిగ్రీలున్నప్పుడు శిఖరం మీద మైనస్ 10 దాకా ఉంటుందన్నమాట. అక్కడ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ముఖానికి, వేళ్లకు అది మైనస్ 20 డిగ్రీల చలిలా తగులుతుంది. కాబట్టి అంచనాలో ఉష్ణోగ్రత కంటే ముందు గాలి వేగాన్ని చూసే అలవాటు చేసుకోండి.

మంచు తెరిపిచ్చిన తరువాత ఆకాశం నీలంగా మెరుస్తుంది, వాయవ్యం నుంచి పొడి గాలులు మొదలవుతాయి. ఆ తరువాతి రాత్రులే అన్నింటికంటే చల్లనివి, ఎందుకంటే మబ్బు లేని రాత్రి నేలలోని వేడి అడ్డులేకుండా పైకి పోతుంది. అందంగా కనిపించే ఆ మొదటి తేట ఉదయమే మంచుచరియలకు కూడా ఎక్కువ అవకాశమున్న సమయం.

మూడో అడుగు: ఒంటిమీద పొడిగా ఉండే ఏర్పాటు చేసుకోండి

చలిని ఆపేది బట్టల మందం కాదు, వాటి మధ్య నిలిచే పొడి గాలి. చర్మానికి తగిలే పొర చెమటను బయటికి పంపే ఉన్ని లేదా సింథటిక్ థర్మల్ అయి ఉండాలి; దాని మీద ఫ్లీస్ స్వెట్టరు, ఆ పైన గాలిని, తడిని అడ్డుకునే జాకెట్టు. ఆగినప్పుడు వేసుకోవడానికి ఈకలు నింపిన మందపాటి జాకెట్టు సంచిలో పైనే పెట్టుకోండి. నూలు బనియన్, జీన్స్ ప్యాంటు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మన వేసవిలో హాయినిచ్చే నూలు, చెమటను పట్టి ఉంచి ఒంటిని చల్లబరిచే ఆ గుణం వల్లనే మంచులో ప్రమాదకరమవుతుంది. ఎక్కుతున్నప్పుడు కొంచెం చలిగా అనిపించేలా ఉండటమే సరైన పద్ధతి; చెమట పట్టే దాకా ఆగి తరువాత జాకెట్టు విప్పితే అప్పటికే లోపలి పొర తడిసిపోయి ఉంటుంది.

బూట్ల విషయంలో కొత్తవారు చేసే పొరపాటు రెండు మూడు జతల మేజోళ్లు వేసుకొని కాలిని బిగించెయ్యడం. బిగువైతే రక్తం ఆడదు, రక్తం ఆడని వేలు ముందుగా గడ్డకడుతుంది. ఉన్ని మేజోళ్లు వేసుకున్నాక కూడా బూటులో వేళ్లు కదలాలి. చేతులకు లోపల పల్చని గ్లౌజులు, పైన వేళ్లన్నీ కలిసి ఉండే మందపాటి తొడుగులు ఉండాలి, వాటికి అదనంగా మరో జత కూడా. గట్టిపడిన మంచు మీద నడవడానికి బూట్లకు తగిలించే మైక్రోస్పైక్‌లు, మంచు బూట్లలోకి దిగకుండా కాళ్లకు చుట్టుకునే గెయిటర్లు సాంక్రీ, మనాలీ వంటి ఊళ్లలో అద్దెకు దొరుకుతాయి. మైక్రోస్పైక్‌ల గొలుసులు తుప్పుపట్టి లేవని, రబ్బరు పగలలేదని చూసి తీసుకోండి.

నల్ల కళ్లద్దాలు ఫోటో కోసం కాదు. కొత్త మంచు సూర్యుడి అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది; అద్దాలు లేకుండా ఒక్క పూట నడిస్తే ఆ సాయంత్రానికో రాత్రికో కళ్లల్లో ఇసుక పోసినట్లు మండి, చూపు నిలపలేని స్థితి వస్తుంది. పిల్లలకు కూడా పక్కలు మూసి ఉండే అద్దాలు పెట్టండి.

నాలుగో అడుగు: కొండ రోడ్డును తేలికగా తీసుకోకండి

ట్రెక్కింగ్‌కు వెళ్లని కుటుంబాలకు అసలు ప్రమాదం రోడ్డు మీదే ఉంటుంది. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి, తారు రంగులోనే కనిపించే పల్చని గాజు పొరలా రోడ్డుకు అంటుకుంటుంది. ఎండ పడని మలుపుల్లో, వంతెనల మీద, జలధారలు రోడ్డును దాటే చోట ఇది మధ్యాహ్నం దాకా కూడా ఉండవచ్చు. కాబట్టి ఉదయం ఎండ బాగా వచ్చాకే బయలుదేరి, సూర్యుడు కొండచాటుకు వెళ్లేలోగా గమ్యం చేరేలా చూసుకోండి. దిల్లీలో కారు అద్దెకు తీసుకొని స్వయంగా నడుపుకుంటూ మంచులోకి వెళ్లవద్దని నా గట్టి సలహా. మంచు రోడ్డు మీద నడిపిన అనుభవం మన దగ్గర ఎంతటి డ్రైవరుకైనా రాదు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే బండి ఎక్కడానికి సాయపడుతుంది గానీ బ్రేకు వేసినప్పుడు ఆగడానికి సాయపడదు. చక్రాలకు గొలుసులున్న స్థానిక వాహనాన్ని మాట్లాడుకోండి.

2024 డిసెంబరులో మనాలీ దగ్గర సోలాంగ్‌కూ అటల్ సొరంగానికీ మధ్య మంచు కురిసి సుమారు వెయ్యి వాహనాలు ఇరుక్కుపోయాయి. వాటిలో ఉన్నవారిలో ఎక్కువమంది మామూలు పర్యాటకులే. అటువంటి చోట ఇరుక్కుంటే వాహనాన్ని వదిలి నడిచిపోకండి. ఇంజను రోజంతా నడపకుండా గంటకు పది నిమిషాల చొప్పున నడపండి, ప్రతిసారీ దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తొలగించండి, గాలి తగలని వైపు కిటికీని అంగుళం తెరిచి ఉంచండి. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని మర్రీ దగ్గర మంచులో నిలిచిపోయిన కార్లలో ఇరవైమందికి పైగా చనిపోయారు. వారిలో కొందరి ప్రాణాలు తీసినది చలి కాదు, కారులో నిండిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు. దుప్పట్లు, తాగునీరు, పల్లీ చిక్కీ లేదా ఖర్జూరాలు, టార్చిలైటు డిక్కీలో కాకుండా సీటు దగ్గరే ఉండాలి.

ఐదో అడుగు: ఎత్తుకు శరీరాన్ని అలవాటు పడనివ్వండి

సుమారు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. బలంగా ఉన్నవారికి రాదనుకోవడం తప్పు. వేగంగా ఎక్కేవారికే అది ఎక్కువగా వస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. ఈ లక్షణాలుంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గులో నురుగు, మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడవమంటే తూలిపోవడం కనిపిస్తే, అది రాత్రి అయినా సరే, వెంటనే కిందికి దింపాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెంచకపోవడం మంచిది. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర విషయంలో స్నేహితుల సలహా కాకుండా మీ వైద్యుడి సలహా తీసుకోండి. సల్ఫా మందులు పడనివారు ఆ విషయం ముందే చెప్పాలి. చల్లబడిన వేలికి తగిలించిన ఆక్సీమీటరు తప్పు అంకె చూపవచ్చు కనుక, దాని కంటే మనిషి తీరును నమ్మండి.

గుల్‌మర్గ్‌లో గొండోలా అనే రోప్‌వే ఎక్కేవారికి ఒక మాట. సుమారు 2,650 మీటర్ల నుంచి దాదాపు 3,950 మీటర్ల దాకా అది కొద్దిసేపట్లోనే తీసుకుపోతుంది. గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దవారు మొదటి దశ దగ్గర ఆగి మంచు చూస్తే చాలు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలే చోట ఉంచుకోవాలి, ఎందుకంటే ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఆరో అడుగు: నడక రోజున గడియారాన్ని, ఆకాశాన్ని చూస్తూ ఉండండి

డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది, లోయల్లోనైతే ఎండ ఇంకా ముందే పోతుంది. కొత్త మంచులో నడక మామూలు వేగంలో సగం కూడా సాగదు. అందుకే వెనుదిరిగే సమయాన్ని ముందురోజు రాత్రి, వేడిగా అన్నం తింటూ తీరికగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. కేదార్‌కంఠకైతే ఉదయం పదకొండు గంటలకు ఎక్కడున్నా సరే వెనుదిరగాలనేది నేను చెప్పే హద్దు. మధ్యాహ్నం తరువాత గాలి పెరిగి, మబ్బు దిగి, పైనున్న వీపులాంటి గట్టు మీద దారి కనబడకుండా పోయే అవకాశం ఎక్కువ. ఆ గట్టు అంచున గాలికి పేరుకొని బయటికి వేలాడే మంచు చూరు మీదికి వెళ్లకండి. కింద నేల ఉన్నట్లే కనిపిస్తుంది కాని ఉండదు. దారిలో వచ్చే జూడా కా తాలాబ్ సరస్సు శీతకాలంలో గడ్డకడుతుంది. ఫోటోల కోసం దాని మధ్యకు నడిచేవారిని చూసి మీరు నడవకండి.

అలజడి దగ్గరపడుతున్న సూచనలు ఆకాశంలో ముందే కనిపిస్తాయి. పడమటి నుంచి దూది పోగుల్లాంటి ఎత్తైన పల్చని మబ్బులు వచ్చి, క్రమంగా ఆకాశమంతా పాలగాజులా మారుతుంది. సూర్యుడి చుట్టూ గానీ చంద్రుడి చుట్టూ గానీ వలయంలా గుడి కడుతుంది. ముందురోజు కంటే రాత్రి వెచ్చగా అనిపిస్తుంది. చలి తగ్గిందని సంతోషించవలసిన సమయం కాదది. వాయుపీడనంతో ఎత్తును లెక్కగట్టే గడియారం మీ చేతికి ఉంటే, పడుకునే ముందు అందులోని అంకెను రాసుకోండి. గుడారం కదలకపోయినా తెల్లారేసరికి అది 40 లేదా 50 మీటర్లు ఎక్కువ చూపిస్తే పీడనం పడిపోతోందని అర్థం. ఇన్ని సూచనలు కలిసి కనిపించినప్పుడు పైకి వెళ్లే ప్రణాళిక మానేసి అడవి హద్దు కిందికి దిగండి.

2024 జూన్ మొదటి వారంలో ఇదే ఉత్తరకాశీ ప్రాంతంలోని సహస్రతాల్ దారిలో, కర్ణాటక నుంచి వచ్చిన ట్రెక్కింగ్ బృందం మంచుతుపానులో చిక్కుకొని 9 మంది చనిపోయారు. అది వేసవి. శీతకాలంలో అదే గాలికి చీకటి, లోతైన మంచు కూడా తోడవుతాయని గుర్తుంచుకోవాలి.

ఏడో అడుగు: మంచుచరియల కింద నిలబడకండి

30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట్లే మంచుచరియలు ఎక్కువగా జారతాయి. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవక ఎప్పటికప్పుడు రాలిపోతుంది, అంతకంటే తక్కువ వాలైతే సాధారణంగా కదలదు. ఫోనులోని లెవెల్ యాప్‌తో వాలును కొలవవచ్చు. అయితే మీరు నడిచే నేల సమతలంగా ఉన్నా, పైన అటువంటి వాలు ఉంటే అక్కడి నుంచి జారిన మంచు మీ దాకా వస్తుంది. భారీగా మంచు కురిసిన తరువాతి 24 నుంచి 48 గంటలు, గాలి ఒకవైపు మంచును మరోవైపుకు మోసి పేర్చిన సమయం, ఉన్నట్టుండి ఎండ కాసి వేడెక్కిన మధ్యాహ్నం, వీటిలో ఏదైనా సరే అటువంటి వాలును దాటకూడని సమయమే. పక్క వాలు మీద తాజాగా చరియ జారిన గుర్తు, అడుగు వేయగానే లోపలి నుంచి వచ్చే బరువైన చప్పుడు, కాలి దగ్గర నుంచి మంచులో పాకే పగులు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రండి.

డీఆర్‌డీఓ ఆధ్వర్యంలో చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ సంస్థ జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. స్థానిక విపత్తు నిర్వహణ అధికారులు వాటిని జిల్లాల్లో ప్రకటిస్తారు. ఆ సంస్థ పేరు చెప్పి ఆ ప్రకటన గురించి మీ గైడును అడగండి. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణాలో సరిహద్దు రోడ్ల సంస్థ కార్మికుల శిబిరం మీద చరియ పడి 8 మంది చనిపోయారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డు మీద 7 మంది పర్యాటకులు చనిపోయారు. మొదటివారు పనిలో ఉన్న కార్మికులు, రెండోవారు మంచు చూడటానికి వాహనాల్లో వచ్చినవారు. అంటే ఈ ప్రమాదానికి శిఖరాలెక్కవలసిన పని లేదు.

దాటక తప్పని చోట ఒకరి తరువాత ఒకరు దాటాలి, మిగిలినవారు సురక్షితమైన చోటి నుంచి చూస్తూ ఉండాలి. ఎవరైనా కూరుకుపోతే, చివరిసారి కనిపించిన చోటును కన్నార్పకుండా గుర్తుపెట్టుకొని, మరో చరియ రాదని చూసుకొని వెంటనే వెతకడం మొదలుపెట్టండి. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవారిలో ఎక్కువమంది బతుకుతారు, ఆ తరువాత అవకాశం వేగంగా పడిపోతుంది. కాబట్టి పక్కనున్నవారి చేతులే సహాయం, బయటి బృందం అంత త్వరగా రాలేదు.

ఎనిమిదో అడుగు: రాత్రి గదిలో, గుడారంలో గాలి ఆడనివ్వండి

కొండ ఊళ్లలో చలికాచుకోవడానికి అంగీఠీ అనే బొగ్గుల కుంపటి ఇస్తారు. తలుపులు మూసిన గదిలో దాన్ని పెట్టుకొని నిద్రపోయి తెల్లారి లేవనివారి వార్తలు ప్రతి శీతకాలంలోనూ వస్తాయి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, ముందు తలనొప్పి, తరువాత మత్తు. నిద్రలో ఉన్నవారికి ఆ తేడా తెలియదు. పడుకునేముందు కుంపటిని బయట పెట్టించండి. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరుకు, గుడారంలో వంట స్టవ్‌కు ఇదే నియమం వర్తిస్తుంది. చలికి రమ్ము మంచిదనే మాట నమ్మకండి. మద్యం చర్మానికి రక్తాన్ని తెచ్చి వెచ్చగా అనిపింపజేస్తుంది, లోపలి వేడిని మాత్రం బయటికి పంపేస్తుంది.

నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక తెల్లారి మూత తీస్తే నీళ్లు వస్తాయి. ఫోను, హెడ్‌ల్యాంపు బ్యాటరీలు, మర్నాటి మేజోళ్లు స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే ఉండాలి. ఇంకా కురుస్తుంటే రాత్రి రెండు మూడుసార్లు గుడారం మీది మంచును లోపలి నుంచి తట్టి దులపండి.

తొమ్మిదో అడుగు: చలిదెబ్బను తోటివారిలో ముందుగా పసిగట్టండి

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది హైపోథెర్మియా. ఆ స్థితిలో ఉన్నవారికి తమ సంగతి తెలియదు, అడిగితే ఏం లేదన్నా, కొంచెం అలసటంతే అంటారు. జాకెట్టు జిప్పును పట్టుకోలేక వేళ్లతో పదే పదే తడుముకునేవారిని, మాట ముద్దగా వస్తున్నవారిని, వరుసలో క్రమంగా వెనకబడుతూ ఎవరితోనూ మాట్లాడనివారిని గమనించండి. బొటనవేలిని చిటికెన వేలికి తాకించమని అడగండి. అది కుదరకపోతే ఆ మనిషి ఇక నడవకూడదు. గట్టిగా వణుకుతున్నంతసేపు శరీరం ఇంకా పోరాడుతోందని అర్థం. వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే, బట్టలు విప్పేసుకోవాలని చూస్తే పరిస్థితి చాలా ముదిరినట్లు.

గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి పొడివి వేయండి. కింద మ్యాట్లు పరిచి స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టండి, పై కప్పు కంటే కింది పరుపు ముఖ్యం. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. పూర్తిగా తెలివిలో ఉంటేనే తియ్యటి వేడి పానీయం పట్టండి. కాళ్లూ చేతులూ రుద్దకండి, పైకి లేపి నడిపించకండి. ముదిరిన స్థితిలో కుదుపు గుండెను ఆపేయగలదు.

వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబడి మైనంలా గట్టిగా, స్పర్శ లేకుండా ఉంటే అది ఫ్రాస్ట్‌బైట్. దాన్ని మంచుతో గానీ చేత్తో గానీ రుద్దకూడదు, నిప్పు దగ్గర కాచకూడదు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటుకు చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన వేలు ఎక్కువగా నష్టపోతుంది కనుక, ఇంకా నడవవలసి ఉంటే అలాగే కప్పి ఆసుపత్రికి చేర్చడమే మంచిది.

పదో అడుగు: సహాయం పిలిచే పద్ధతి ముందే తెలుసుకోండి

బయలుదేరేముందు మీ దారి, శిబిరాల పేర్లు, గైడు ఫోను నంబరు, తిరిగి రావలసిన తేదీ, ఆ తేదీ దాటి ఎన్ని గంటలకు ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. శిబిరాల దగ్గర ఫోను సిగ్నలు ఉండదనుకొని ప్రణాళిక వేసుకోండి. దారిలో చివరిసారిగా సిగ్నలు దొరికిన చోటును గుర్తుపెట్టుకోండి. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు వాడటం మన దేశంలో నేరం. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లు సంచిలో అటువంటివి పెట్టుకొని విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడకుండా చూసుకోవాలి.

సిగ్నలు దొరికితే 112కు ఫోను చేయండి, మనకు అలవాటైన 108 అంబులెన్సు సేవ ఉత్తరాఖండ్, హిమాచల్‌లలో కూడా ఉంది. మొదటి వాక్యంలోనే మీరున్న చోటు, దగ్గరి ఊరు, ఎత్తు చెప్పండి, ఎందుకంటే మాట మధ్యలో తెగిపోవచ్చు. తరువాత ఎంతమంది, ఎవరికి ఏమైంది, నడవగలరా, అక్కడ గాలి, మబ్బు ఎలా ఉన్నాయో చెప్పండి. మబ్బు దిగి ఉంటే హెలికాప్టరు రాదు. కనుక కాలినడకన బృందం వచ్చే దాకా గంటల తరబడి నిలవగలిగేలా గుడారం వేసుకొని, మంచు కరిగించుకొని తాగుతూ ఒకేచోట ఉండండి. సిగ్నలు లేకపోతే గైడు పంపే ఇద్దరు బలమైనవారికి ఈ వివరాలన్నీ కాగితం మీద రాసివ్వండి, ఒక్కరిని మాత్రం పంపకండి. వెతికేవారికి వినిపించేలా నిమిషానికి ఆరుసార్లు ఈల వేయండి, లేదా రాత్రయితే హెడ్‌ల్యాంపు వెలిగించి ఆర్పండి. ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు చేయండి. అవతలి నుంచి నిమిషానికి మూడుసార్లు జవాబు వచ్చినా, వారు మీ దగ్గరికి చేరే దాకా ఆ సంకేతం ఆపకండి.